ప్రతినాయకుడి నోట సీమ మాండలికం: జయప్రకాశ్ రెడ్డి నటజీవితం – పశ్చిమ కర్నూలు

ఉపోద్ఘాతం:

తెలుగు చలనచిత్రాలలో రాయలసీమ మాండలికం ప్రతినాయకుడి భాషగా స్థిరపడటంలో జయప్రకాశ్ రెడ్డి నటనకు ప్రముఖ స్థానం ఉంది. ఆయన స్వస్థలం ఉమ్మడి కర్నూలు జిల్లా తూర్పు భాగంలోని సిరివెళ్ల. అదే జిల్లా పడమటి అంచున ఉన్న ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాల చరిత్ర వేరు, జీవనం వేరు. అయినా వెండితెర ఈ రెండు అంచులకూ ఒకే ముఖాన్ని ఇచ్చింది. ఆ పరిణామాన్ని ఆయన నటజీవితం ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

రంగస్థలం నుంచి వెండితెరకు:

ఉపాధ్యాయ వృత్తిలో ఉంటూ నాటకాలలో రాణించిన జయప్రకాశ్ రెడ్డి, దాసరి నారాయణరావు దర్శకత్వం వహించిన ‘బ్రహ్మపుత్రుడు’ (1988)తో చిత్రరంగంలో ప్రవేశించారు. కర్నూలు నేపథ్యంగా వచ్చిన ‘ప్రేమించుకుందాం రా’ (1997)లో పోషించిన ఫ్యాక్షన్ నాయకుడి పాత్ర ఆయనకు గుర్తింపు తెచ్చింది. ‘సమరసింహారెడ్డి’ (1999)లోని వీరరాఘవరెడ్డి పాత్రతో ఆ గుర్తింపు స్థిరపడింది. ‘జయం మనదేరా’ (2000), ‘చెన్నకేశవరెడ్డి’ (2002) అదే వరుసలోనివి. భారీ విగ్రహం, బరువైన కంఠం, సీమ యాస కలిసి ఆ పాత్రలకు సహజత్వాన్ని ఇచ్చాయి. అంతకుముందు ప్రతినాయకులు ఎక్కువగా శిష్టభాషలోనో, కోస్తా యాసలోనో మాట్లాడేవారు.

తెరకెక్కని పడమటి సీమ:

ఆదోని, ఎమ్మిగనూరు ప్రాంతాలు 1953 అక్టోబరు 1 వరకు బళ్లారి జిల్లాలోనివి. ఇక్కడి తెలుగుపై కన్నడ ప్రభావం ఎక్కువ. ఆదోని పత్తి మార్కెట్టుకు, ఎమ్మిగనూరు చేనేతకు ప్రసిద్ధి. మాచాని సోమప్ప 1938లో ఎమ్మిగనూరులో చేనేత సహకార సంఘాన్ని స్థాపించారు. కరువు కాలంలో కూలీలు పత్తి, మిరప కోతలకు గుంటూరు ప్రాంతానికి వలస వెళ్తారు. దీనిని ‘సుగ్గి’కి పోవడం అంటారు. కన్నడంలో ఆ మాటకు పంటకోతల కాలమని అర్థం. ఫ్యాక్షన్ చిత్రాలలో వేటకొడవలికీ నాటుబాంబుకూ దక్కిన చోటు మగ్గానికీ, పత్తి బేలుకూ, సుగ్గి మూటకూ దక్కలేదు. ఫలితంగా పగలతో ఏ సంబంధమూ లేని నేతగాడి యాస కూడా బయటి ప్రేక్షకుడి చెవికి ఫ్యాక్షన్ యాసగానే వినిపించింది.

హాస్యం వైపు మలుపు:

‘రెడీ’ (2008) వంటి చిత్రాలలో ఆయన ఆగ్రహమే హాస్యానికి ఆధారమైంది. భయపెట్టిన కంఠమే నవ్వించింది. ఒక్క నటుడే రంగస్థలాన్ని నడిపే ‘అలెగ్జాండర్’ నాటకం ఆయన శక్తి ప్రతినాయక పాత్రలకు పరిమితమైనది కాదని చాటింది. అది చలనచిత్రంగానూ వచ్చింది. 2020 సెప్టెంబరు 8న గుంటూరులో ఆయన మరణించారు.

ముగింపు:

జయప్రకాశ్ రెడ్డి సీమ మాండలికానికి తెరపై గట్టి ఉనికిని కల్పించారు. దానిని మొదట హింసకు, తరువాత నవ్వుకు పరిమితం చేసినది నటుడు కాదు, ఆ పాత్రలను మలచిన కథలు. 2022 జిల్లాల విభజనలో సిరివెళ్ల నంద్యాల జిల్లాలో చేరగా, ఆదోని, ఎమ్మిగనూరు కర్నూలులోనే మిగిలాయి. పాలనాపరంగా రెండు అంచులూ వేరుపడినా, తెరపై అవి ఇంకా ఒకటే. పడమటి సీమ నేతగాడూ, సుగ్గి కూలీ తమ యాసలో తమ బతుకు చెప్పుకునే కథలు వచ్చినప్పుడే ఆ మాండలికానికి పూర్తి న్యాయం జరుగుతుంది.