తామర మందుల చరిత్ర

తామర యనగానే రసజ్ఞునకు కొలను తలపునకు వచ్చును. దురదచే రాత్రులు నిద్ర గానని వానికి వేఱొక తామర తలపునకు వచ్చును. శ్రోతలారా! నేడు నేను ముచ్చటింప బూనినది ఈ రెండవదానిని గూర్చియే. ఇది ప్రాణము దీయు వ్యాధి గాదు. కావుననే జనులు దీనిని తేలికగా జూచి, తోచిన మందెల్ల పూయుదురు. అయినను దీని మందుల చరిత్రను పరిశీలించినచో ఒక సత్యము తేటపడును: దురద శమించుట వేఱు, రోగము నశించుట వేఱు.

మన ఆయుర్వేద గ్రంథములలో దీనికి దద్రువని పేరు. చరకసంహిత దీనిని క్షుద్రకుష్ఠములలోను, సుశ్రుతసంహిత మహాకుష్ఠములలోను లెక్కించినవి. మండలాకారము, ఎఱుపు, దురద, పొక్కులు, నానాటికి ప్రాకు స్వభావము - ఈ లక్షణముల నన్నిటిని ఆ ప్రాచీనులు చక్కగా గుర్తించిరి. తగిరిస మొక్కకు సంస్కృతమున చక్రమర్దమనియు, దద్రుఘ్నమనియు పేర్లు గలవు. చక్రమువంటి మచ్చను మర్దించునది, దద్రువును జంపునది యని వాని యర్థము. అమెరికా ఖండమునుండి వచ్చిన సీమ అవిసె సయితము ఈ రోగమునకు బనికివచ్చుటచే మన పల్లెలలో మెట్టతామర యను పేరు గాంచినది.

ఇచట కుష్ఠశబ్దమును గూర్చి ఒక మాట చెప్పవలసియున్నది. ఆ గ్రంథములలో కుష్ఠమనునది పలు చర్మరోగములకు సామాన్యనామము. నేడు మనము కుష్ఠరోగమని వ్యవహరించునది వేఱు, తామర వేఱు. ఈ భేద మెఱుగనివారు తామర మచ్చను గాంచి రోగిని వెలివేసినట్లు చూతురు. నా ముప్పదియైదేండ్ల యుపాధ్యాయత్వములో మెడపై నెఱ్ఱని వలయ మేర్పడిన బాలురు చొక్కా పట్టీ పైకి లాగుకొని, బల్ల చివర ఒంటిగా గూర్చుండుట పలుమాఱులు చూచితిని. సిగ్గుచేత రోగము దాచబడును. దాచిన రోగమునకు వైద్యుని సలహా లభింపదు. అంగడిలో గుట్టుగా కొన్న మందే గతి యగును.

ఇక రోగకారణము. ఐరోపావాసులు చిరకాలము దీనిని పురుగు పనియని తలచిరి. ఆంగ్లములోని రింగువర్ము అను పేరునకు ఉంగరపు పురుగని యర్థము. 1835లో ఇటలీదేశీయుడగు అగొస్తినో బాసి, పట్టుపురుగులకు వచ్చు ఒక తెగులునకు బూజు కారణమని నిరూపించెను. 1841లో పారిసునందు వైద్యము జేయుచుండిన హంగరీ దేశీయుడు డేవిడ్ గ్రూబీ, తలపై బుట్టు ఒక విధమగు తామరకును అట్టి బూజే మూలమని ప్రకటించెను. బూజు జాతికి జెందిన ఈ సూక్ష్మజీవి మన చర్మపు పైపొరను, వెండ్రుకలను, గోళ్లను ఆహారముగా గొనును. చెమట, తడి దానికి మేలు చేయును. ఉక్కపోత గల మన దేశమున అది గజ్జలలోను, చంకలలోను నివాస మేర్పఱచుకొనుట కిదియే హేతువు.

పూర్వపు మందులు మిక్కిలి తీక్ష్ణములు. పందొమ్మిదవ శతాబ్దమున గోవా చూర్ణమని యొకటి ప్రసిద్ధి కెక్కెను. అది గోవాలో పండినది గాదు. బ్రెజిలు దేశపు ఒక వృక్షమునుండి తీయబడి, పోర్చుగీసువారి ద్వారమున వచ్చినది. అది రోగమును గుదిర్చినను చర్మమును మండించును, బట్టలకు మఱకలు పట్టించును, కంట బడినచో వాపు గలిగించును. పిదప ఇంగ్లండునందలి వైద్యుడు విట్‌ఫీల్డు పేర ఒక లేపనము వచ్చెను. బెంజోయికామ్లము నూటికి 6 పాళ్లు, సాలిసిలికామ్లము 3 పాళ్లు గల ఈ లేపనము చవుకైనది. నేటికిని వాడుకలో నున్నది.

1970 ప్రాంతమున క్లోట్రిమజోలు, మైకొనజోలు అను సౌమ్యమగు మందులును, అటుపిమ్మట టెర్బినఫిను వచ్చెను. బూజు కణపు పొరకు ఎర్గోస్టెరాలను పదార్థ మావశ్యకము. ఈ మందులు దానిని పుట్టనీయవు. ఇంతలో మఱియొక మందు రంగమున బ్రవేశించెను. 1952లో హైడ్రోకార్టిజోను లేపనము కొన్ని చర్మరోగములకు బనిచేయునని తెలిసెను. ఈ స్టీరాయిడు జాతి మందులు వాపును, ఎఱుపును, దురదను శీఘ్రముగా నణచును. కాని బూజును జంపవు. శరీరపు టెదిరింపు తగ్గుటచే బూజు నిరాటంకముగా ప్రాకును, వలయపు టంచు చెఱగి రోగము గుర్తింపరాని దగును. 1968లో ఆంగ్ల వైద్యులిరువురు దీనికి మాఱువేషపు తామర యను నర్థము గల పేరు పెట్టిరి.

మన దేశమున స్టీరాయిడును బూజు మందును గలిపిన లేపనములు విరివిగా అమ్ముడుపోయినవి. రోగి రెండుదినములలో సుఖపడును. మానినంతనే రోగము రెట్టించును. మరల అదియే పూయును. గజ్జలలోని చర్మము పలుచబడి చారలు పడును. 2018లో కేంద్రప్రభుత్వము పెక్కు స్టీరాయిడు లేపనములను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాని మందుల పట్టికలో జేర్చినది. 2020లో టెర్బినఫినుకు లొంగని యొక బూజును జపానులోని శాస్త్రజ్ఞులు వర్ణించిరి; భారత నేపాళ దేశీయులగు రోగులనుండి లభించినందున దానికి పెట్టిన పేరులో మన దేశపు పేరే చేరినది. ఇది మనకు గౌరవహేతువు గాదు, హెచ్చరిక.

కావున చేయదగిన దేమి? ట్యూబుపై వ్రాసిన మందుపేళ్లు చదువుడు. క్లోబెటసాలు, బీటామెథసోను వంటి స్టీరాయిడు పేరున్నచో వైద్యు డడుగనిదే ముట్టవలదు. మచ్చను గడిగి, తడి లేకుండ దుడిచి, మందును పలుచగా, అంచునకావల రెండు సెంటీమీటర్ల వఱకు పూయుడు. మచ్చ మాయమైన పిదపను ఒకటి రెండు వారములు, లేదా వైద్యుడు చెప్పినంత కాలము మానకుడు. పైకి గానరాని బూజు పొరలలో మిగిలియుండును. కంటికిని నోటికిని తగులనీయకుడు. పూసిన చేతులు గడుగుకొనుడు. తువాలు, లోదుస్తులు ఒకరివి మఱొకరు వాడరాదు. వేడినీట నుదికి ఎండలో నారవేయవలెను. ఇంట మఱెవరికైన నున్నచో అందఱకు నొకేసారి చికిత్స జరుగవలెను. తలకు, గోళ్లకు సోకినప్పుడు పైపూత చాలదు. మ్రింగు మందు కావలసివచ్చును. గర్భిణులు, పసిబిడ్డల తల్లులు, మధుమేహము గలవారు ముందే వైద్యుని జూడవలెను. మంట, పొక్కులు పుట్టినను, రెండు మూడు వారములలో గుణము గానరాకున్నను అట్లే చేయవలెను.

తామర వచ్చుట పాపఫలము గాదు, వంశకళంకము గాదు. చెమటపట్టిన చర్మముపై మొలచిన బూజు మాత్రమే. దానిని వైద్యునకు జూపుటకు సిగ్గుపడవలసిన పని లేదు. మీ యింటి బాలు డెవ్వడైన చొక్కా పట్టీ పైకి లాగుకొనుచున్నచో గద్దింపక, ప్రేమతో నడిగి చూడుడు.