జెండా వెంకయ్యగారు

బొమ్మలూ, గుర్తులూ గీసి బతికే విద్యను ఇప్పుడు గ్రాఫిక్ డిజైన్ అంటున్నారు. ఆ మాట మన చెవిన పడక మునుపే కృష్ణా జిల్లాలో ఆ పని చేసి చూపినవారు పింగళి వెంకయ్యగారు.

మచిలీపట్నం దగ్గర భట్లపెనుమర్రులో పుట్టారు. జపాను భాష నేరిస్తే జనం 'జపాన్ వెంకయ్య' అన్నారు. పత్తి మీద పరిశోధన చేస్తే 'పత్తి వెంకయ్య' అయ్యారు. చేసిన పనే ఇంటిపేరయిందన్నమాట!

జాతీయ పతాకం ఎలా ఉండాలో నమూనాలతో 1916లో ఓ పుస్తకమే వేశారు. అందుకే 1921లో బెజవాడ కాంగ్రెసు సభలప్పుడు గాంధీగారు అడిగితే ఎరుపు, ఆకుపచ్చ రంగులమీద రాట్నంతో జెండా గీసి ఇవ్వగలిగారు. ఆపైన తెలుపు చేరింది. 1931లో ఎరుపు బదులు కాషాయం, 1947లో రాట్నం బదులు అశోకచక్రం వచ్చాయి. 'జెండా వెంకయ్య' అన్న పేరు మాత్రం నిలిచింది.

పేరే నిలిచింది, కలిమి కాదు. 1963లో లేమిలోనే కన్నుమూశారు. తపాలా బిళ్ళ వచ్చింది 2009లో!

మన అమ్మాయి ముగ్గు చక్కగా వేస్తే మురిసిపోతాం. ఆ చేతివాటమే రేపు ఆమె జీవనాధారం కావచ్చు. "గీసినదాని కింద నీ పేరు రాయి తల్లీ, పడిన కష్టానికి ప్రతిఫలం అడుగు" అని కూడా చెబుదాం.