ఫలాఫెల్ పుట్టినిల్లు

ఫలాఫెల్ మాదన మాదని మధ్యధరా సముద్రపు తూర్పుతీర దేశములు చిరకాలముగ వాదులాడుకొనుచున్నవి. 2008లో లెబనాను పారిశ్రామికుల సంఘమువారు ఇజ్రాయెలుపై వ్యాజ్యము వేయుదుమని కూడ ప్రకటించిరి. ఫారోల నాటి వంటకమను మాట వినుటకు ఇంపుగనున్నను, అందుకు ఆధారము లేదు. ఈజిప్టే దీని పుట్టినిల్లని పలువురు పండితుల మతము. మేమును అటే మొగ్గుదుము.

అచట దీనిని తామియా యందురు. మాంసము, పాలు, గ్రుడ్లు విడిచిన ఉపవాస దినములలో కాప్టిక్ క్రైస్తవులకు ఇది మంచి ఆహారము. ఈజిప్టువారు ఎండిన ఫావా చిక్కుడు పప్పును వాడుదురు. లెబనాను, పాలస్తీనాలలో తెల్ల సెనగలకే ప్రాధాన్యము.

గింజ ఏదైనను పద్ధతి యొకటే. రాత్రి నానవేసి, ఉడికింపక, పచ్చిగనే బరకగా రుబ్బవలెను. ఉడికించినచో పిండి పట్టువిడి నూనెలో చెదరిపోవును. మసాలా వడలు చేయు మన గృహిణులకు ఈ కిటుకు క్రొత్తది కాదు. ఉల్లి, వెల్లుల్లి, కొత్తిమీర, జీలకర్ర చేర్చి, చిన్న ఉండలు చేసి ఎఱ్ఱగా వేచుదురు. కొత్తిమీర దండిగా పడుటచే తామియా లోపల పచ్చగా నుండును. వేడివేడిగా రొట్టె పొరల నడుమ టొమాటో ముక్కలతో నుంచి, నువ్వుల ముద్దలో నిమ్మరసము, నీరు కలిపిన తహీనా పైన పోసి వడ్డింతురు.