పన్ను మాఫీ ఎవరికి? ఇల్లు ఎవరికి?
(కెనడా పార్లమెంటులో డేవిడ్ లూయిస్)

'వెల్ఫేర్' అనే మాటను మనం మన సొసైటీ పేరులో గౌరవంగానే పెట్టుకున్నాము. కాని 1970 ప్రాంతాల కెనడా దేశంలో ఆ మాట చాలామంది నోట తిట్టుగా మారిపోయింది. 1971లో అక్కడి ప్రభుత్వం నిరుద్యోగ భృతి చట్టాన్ని సవరించి మునుపటి కంటె చాలామందికి భృతి దొరికేటట్లు చేసింది. అదే సమయంలో పనులు కరువైనాయి. దానితో భృతి చెక్కు అందుకునే ప్రతివాడినీ పనిదొంగ అనీ, సర్కారు సొమ్ము తేరగా తినేవాడు అనీ ఆడిపోసుకోవడం మొదలైంది. అట్లాంటి సోమరికి ఇంగ్లీషులో 'బమ్' అని పేరు.

ఆ తిట్టును ఎత్తి కంపెనీల మీదికి తిప్పిన మనిషి డేవిడ్ లూయిస్. పార్లమెంటులో మూడో స్థానంలో ఉన్న న్యూ డెమొక్రటిక్ పార్టీకి ఆయన 1971 ఏప్రిల్‌లో నాయకుడైనాడు. 1972 ఆగస్టు నెలలో నోవాస్కోషియా రాష్ట్రంలోని న్యూ గ్లాస్గో అనే చిన్న ఊళ్ళో మాట్లాడుతూ ఆయన అన్న మాట 'కార్పొరేట్ వెల్ఫేర్ బమ్స్'. ఖైరాతు తినే కంపెనీ దొరలు అని మన భాషలో చెప్పుకోవచ్చు. ఆ ఒక్క మాటతో ఆ ఏటి ఎన్నికల చర్చ రూపమే మారిపోయింది.

అయితే మాట పదునుగా ఉన్నంత మాత్రాన ఎవరూ పట్టించుకోరు. లెక్క ఉండాలి. లూయిస్ దగ్గర లెక్క ఉన్నది, అదీ కంపెనీలు తమ వాటాదారుల కోసం తామే అచ్చువేసిన వార్షిక నివేదికల్లోది. ఆ నివేదికల్లో 'వాయిదా పడిన పన్ను' అని ఒక పద్దు ఉంటుంది. అది ఏమిటో కాస్త ఓపికగా చూద్దాం, కథ మొత్తం అక్కడే ఉన్నది గనుక.

ఒక కంపెనీకి ఏడాదికి 10 లక్షల రాబడి వచ్చిందనుకోండి. పదేళ్ళు పనిచేసే యంత్రాన్ని 10 లక్షలు పెట్టి కొన్నది. తన సొంత పుస్తకాల్లో ఏటా ఒక లక్ష తరుగు రాసుకుని, లాభం 9 లక్షలని వాటాదారులకు చూపుతుంది. కాని పన్ను చట్టం ఆ యంత్రం ఖరీదు మొత్తాన్ని రెండేళ్ళలోనే తరుగు కింద తీసివేయనిస్తే, పన్ను అధికారికి చూపే లాభం 5 లక్షలే. తక్కిన 4 లక్షల మీద పన్ను ముందు సంవత్సరాలకు వాయిదా. మూడో ఏడు నుంచి ఆ బాకీ తీర్చాలి గదా అంటారా? అప్పటికి ఇంకో యంత్రం కొంటే సరి, వాయిదా మళ్ళీ ముందుకు జరుగుతుంది. పెరుగుతూ పోయే కంపెనీకి ఆ బాకీ కట్టవలసిన రోజు రానే రాదు. సర్కారు దగ్గర వడ్డీ లేని అప్పు తీసుకున్నట్లే. వడ్డీ లేని అప్పు అంటే ఏమిటో మన సభ్యులకు వేరే చెప్పనక్కరలేదు. మన వాళ్ళలో అది గడవని కుటుంబానికి ఇస్తాము, ఇద్దరు జామీను కూడా ఉండమంటాము. అక్కడ జామీను లేదు, గడువూ లేదు.

1972 మే బడ్జెట్‌లో ఆర్థిక మంత్రి జాన్ టర్నర్ ఈ సౌకర్యాన్నే ఇంకా పెంచాడు. కర్మాగారాల యంత్రాలకు రెండేళ్ళ తరుగు, దాని మీద కర్మాగారాల లాభాలపై పన్ను నూటికి 40కి తగ్గింపు. పూర్తిగా అన్యాయమైన వాదన కాదు ఆయనది. పొరుగున ఉన్న అమెరికా 1971లో దిగుమతుల మీద అదనపు సుంకం వేసి, తన ఎగుమతిదారులకు పన్ను రాయితీలు ఇచ్చింది. మనమూ ఇవ్వకపోతే కర్మాగారాలు సరిహద్దు దాటిపోతాయి, కార్మికుల పొట్ట కొట్టినట్లవుతుంది అన్నాడు. దీనికి ప్రభుత్వ పక్షం నుంచే వచ్చిన జవాబు ఒకటి ఉన్నది. ఎరిక్ కీరన్స్ అనే మంత్రి 1971లోనే పదవికి రాజీనామా ఇచ్చి బయటికి వచ్చాడు. యంత్రానికి రాయితీ ఇస్తే యంత్రాలు పెరుగుతాయి, మనుషులకు పని ఎందుకు పెరుగుతుంది అన్నది ఆయన ప్రశ్న. లూయిస్ తన లెక్కలన్నీ 1972లో చిన్న పుస్తకంగా వేసినప్పుడు దానికి ముందుమాట రాసినవాడు ఈ కీరన్సే.

ఇంతకీ ఈ లూయిస్ ఎవరు? పుట్టింది 1909లో, ఇప్పటి బెలారూస్‌లోని ఒక చిన్న పట్నంలో, కార్మికుల పక్షాన నిలిచిన యూదు కుటుంబంలో. 1921లో ఆ కుటుంబం మాంట్రియల్ చేరింది. తండ్రి బట్టల కర్మాగారంలో కూలి. పన్నెండేళ్ళ పిల్లవాడికి ఇంగ్లీషు ముక్క రాదు. డికెన్స్ నవల ఒకటి, నిఘంటువు ఒకటి ముందు పెట్టుకుని నేర్చుకున్నాడు. ఆ తరువాత రోడ్స్ స్కాలర్‌షిప్ మీద ఆక్స్‌ఫర్డ్ వెళ్ళి, అక్కడి విద్యార్థుల చర్చా సంఘానికి అధ్యక్షుడైనాడు. అక్కడే ఉండిపోతే పెద్ద పదవులు వచ్చేవి. తిరిగి వచ్చి 1936 నుంచి 1950 దాకా ఒక బీద పార్టీకి కార్యదర్శిగా పనిచేశాడు. పార్లమెంటుకు మొదటిసారి నెగ్గింది 1962లో, టొరంటో ప్రాంతంలోని యార్క్ సౌత్ నుంచి.

కెనడా పార్లమెంటులో ప్రశ్నల సమయానికి ఒక విశేషం ఉన్నది. మన లోక్‌సభలో నక్షత్రపు గుర్తు ప్రశ్నకు ముందుగా నోటీసు ఇవ్వాలి. అక్కడ సభ్యుడు లేచి నోటీసు లేకుండానే ప్రధానమంత్రినైనా నిలదీయవచ్చు. న్యాయవాది అయిన లూయిస్‌కు అది బాగా కలిసి వచ్చింది.

1972 అక్టోబరు 30 ఎన్నికలలో పియర్ ట్రూడో గారి లిబరల్ పార్టీకి 109 స్థానాలు, కన్సర్వేటివులకు 107, లూయిస్ పార్టీకి 31 వచ్చాయి. సభలో మొత్తం స్థానాలు 264. అంటే లూయిస్ మద్దతు లేనిదే ట్రూడో ప్రభుత్వం నిలవదు. ఇప్పటివరకు ప్రశ్న అడగడమే పనిగా ఉన్నవాడికి, జవాబు రాబట్టే బలం చేతికి వచ్చింది.

ఏమి రాబట్టాడు? పన్ను సంగతిలో ఓడిపోయాడని చెప్పక తప్పదు. టర్నర్ రాయితీలను ఆయన పార్టీ వ్యతిరేకించినా, 1973లో కన్సర్వేటివులు కొన్ని షరతుల మీద ప్రభుత్వానికి తోడు నిలిచి వాటిని గట్టెక్కించారు. కంపెనీలను ఖైరాతుదార్లన్నవాడు అదే ప్రభుత్వాన్ని ఎందుకు మోస్తున్నాడని సొంత పార్టీలోనే సణుగుడు మొదలైంది.

ఇళ్ళ సంగతి వేరు. 1973లో జాతీయ గృహ నిర్మాణ చట్టానికి వచ్చిన సవరణలు ఆ దేశ చరిత్రలో ముఖ్యమైనవి. లాభాపేక్ష లేని సంఘాలకు, సహకార సంఘాలకు ఇళ్ళ ఖరీదు మొత్తానికి సర్కారు అప్పు. అందులో పదో వంతు తిరిగి కట్టనక్కరలేదు. పాత ఇళ్ళ మరమ్మతులకు, పాత పేటల బాగుకు వేరే పథకాలు. చట్టం తెచ్చింది లిబరల్ మంత్రి రాన్ బాస్‌ఫర్డ్; వెనక నుంచి నెట్టినవారిలో లూయిస్ పార్టీ ముందు వరుసలో ఉన్నది. అదే సంవత్సరం వృద్ధాప్య పెన్షన్ నెలకు 100 డాలర్లకు పెరిగింది, ధరలతోపాటు పెరిగే ఏర్పాటు కూడా జరిగింది.

ఆ సహకార గృహాలు మన దగ్గరి హౌసింగ్ సొసైటీల వంటివి కావు. మన దగ్గర సొసైటీ స్థలం కొని సభ్యుల పేర ప్లాట్లు రాసిస్తుంది, ఆపైన ఎవరి దారి వారిది. అక్కడ ఇల్లు ఎప్పటికీ సంఘానిదే. సభ్యుడు నెలనెలా తన వంతు ఖర్చు కడతాడు, కార్యవర్గాన్ని ఎన్నుకుంటాడు, ఇంటిని అమ్ముకుని లాభం తీయలేడు. అందువల్లనే బయట ధరలు ఎంత మండినా లోపల అంతగా పెరగవు. నన్నడిగితే, లూయిస్ ఆ రెండేళ్ళు ట్రూడోను మోసినందుకు ఈ ఒక్క ఫలితం చాలు.

ఆయనకు మాత్రం చాలలేదు. 1974 నాటికి ఇళ్ళ ధరలు ఎగబాకాయి, గృహ రుణాల మీద వడ్డీ నూటికి పది దాటింది. మే నెలలో లూయిస్ బడ్జెట్ మీద అభిశంసన సవరణ పెట్టాడు. అందులో ఆయన చేసిన ఆరోపణలు మూడు: పెన్షన్‌దార్లను ఆదుకోలేదు, ఇళ్ళ కరువు తీర్చలేదు, పన్నుల్లో అన్యాయాన్ని తొలగించలేదు. కన్సర్వేటివులు కలిసి రావడంతో మే 8న 137 ఓట్లకు 123 ఓట్ల తేడాతో ప్రభుత్వం పడిపోయింది. జూలై 8న ఎన్నికలు జరిగాయి. ట్రూడో 141 స్థానాలతో పూర్తి బలంతో తిరిగి వచ్చాడు. లూయిస్ పార్టీ 31 నుంచి 16కు దిగింది, యార్క్ సౌత్‌లో లూయిస్ కూడా ఓడిపోయాడు. అప్పటికే ఆయనకు రక్త క్యాన్సర్ ఉన్నది. ఆ సంగతి బయట పెట్టకుండానే ప్రచారం చేశాడు. 1981 మేలో కన్నుమూశాడు.

కంపెనీల మీద కెనడా కేంద్ర పన్ను 2012 నాటికి నూటికి 15కు దిగింది. సహకార గృహాల కేంద్ర పథకాన్ని 1992లో ఎత్తివేశారు. కాని ఆ ఇరవై ఏళ్ళలో కట్టినవి నిలిచాయి. మన పిల్లలు చదువులకనీ, ఉద్యోగాలకనీ వెళ్ళే టొరంటో నగరం నడిబొడ్డున సెయింట్ లారెన్స్ అనే పేట ఆ పథకాల డబ్బు ఆసరాతో లేచినదే. అక్కడి సహకార గృహాల్లో ఒకదానికి వుడ్స్‌వర్త్ అని పేరు. లూయిస్ యువకుడిగా ఎవరి కింద పార్టీ పని నేర్చుకున్నాడో ఆ పెద్దాయన పేరే అది. నేటికీ ఆ నగరంలో సహకార గృహం దొరకాలంటే పేరు రాయించుకుని ఏళ్ళ తరబడి ఎదురుచూడవలసిందే.