సీమ కుర్చీ ఏ ఊరిది?

కోలారు బంగారు గనుల ప్రాంతంలో పాత కుర్చీ ఎక్కడ కనబడినా "దొరల కాలంది, సీమ నుంచి ఓడలో వచ్చింది" అంటారు. దొరల కాలంది కావచ్చు. 1880లో జాన్ టేలర్ కంపెనీ గనులు చేపట్టాక ఇక్కడ బంగళాలు లేచాయి. ఓడ మాటే నాకు నమ్మబుద్ధి కాదు.

నేను మొదట కుర్చీని తలకిందులు చేస్తాను. పైన ఎవరైనా మెరుగు పెడతారు, అడుగున ఆ శ్రమ పడరు. చేతిరంపం గీతలు తిన్నగా, ఎగుడుదిగుడుగా ఉంటాయి. గుండ్రటి మరరంపం గీతలు విల్లులా వంగుతాయి. తలమీద కూడిక గుర్తున్న స్క్రూ ఉందా? దానికి అమెరికాలో పేటెంటు వచ్చింది 1936లో. ఆ వస్తువు తరువాతిదైనా కావాలి, మరమ్మతైనా జరిగి ఉండాలి. గుండ్రని బల్లనైతే రెండు వైపులా కొలుస్తాను. చెక్క నారకు అడ్డంగానే ఎక్కువ కుంచించుకుంటుంది కనుక పాత బల్ల కాస్త కోలగా మారుతుంది.

ఇక కలప. టేకు గాని, కన్నడంలో బీటె అనే జిట్రేగి గాని సీమలో పెరగవు. కలప ఓడలో పోయి కుర్చీగా తిరిగి రావడం అసంభవమేమీ కాదు. కాని పేము అల్లిక, కాళ్ళు చాపుకొనే పొడుగు చేతులు ఉన్న పడక్కుర్చీ మన ఎండలకు తగిన రూపం. దొర బొమ్మ చూపించి ఉంటాడు. చేసింది ఇక్కడి వడ్రంగే.

గనులు 2001లో మూతబడ్డాయి. పాత సామాను అమ్మేవారు "లండన్" అంటే ధర పలుకుతుంది, వడ్రంగి మాత్రం లెక్కలోంచి పోతాడు. మీ ఇంట్లో అలాంటిదుంటే, మెరుగు పెట్టించే ముందు అతుకుల దగ్గర వడ్రంగి గుర్తులు, అంకెలు ఉన్నాయేమో చూసి రాసిపెట్టుకోండి, ఏ లిపిలో ఉన్నా సరే.