కృప

‘బాగున్నారా అమ్మా?’ అంటే దివిసీమలోని నాగాయలంక క్రైస్తవ ఇళ్లలో ‘దేవుని కృపండీ’ అంటారు. సంస్కృతంలో కృపకు జాలి అని అర్థం. దీనుడని చెప్పే ‘కృపణుడు’ దీనికి తోబుట్టువు. భక్తి కీర్తనల్లో అప్పటికే నలిగిన మాటనే తెలుగు బైబిలు తీసుకుంది. 1841లో మిషనరీలు ఫాక్స్, నోబుల్ బందరులో మిషన్ పెట్టారు. వాళ్ల బోధలో కృపంటే మన పుణ్యానికి కూలి కాదు, ఉచితంగా దొరికే రక్షణ.

మరి మత్తయి సువార్తలో తీర్పునాడు ఆకలిగొన్నవాడికి అన్నం పెట్టామా లేదా అని ఎందుకు చూస్తారు? 1977 నవంబరు 19 ఉప్పెన తర్వాత దివిసీమలో గంజి కాచి పోసినవాళ్లు మోక్షానికి వెల కట్టి పోయలేదు. విశ్వాసంతో పాటు యాకోబు పత్రిక అడిగే క్రియలు ఇవేనని నా నమ్మకం. కృపను కొనేవి కావు, కృప పొందినవాళ్లు చేయకుండా ఉండలేనివి.

పిల్లలకు పెట్టే ‘కృపావరం’ పేరులో రెండు మాటలూ ఉచితాన్నే చెబుతాయి.