మన నెత్తి మీది రేకులకూ ఒక చరిత్ర ఉంది

పోస్టు కొంచెం పెద్దది, ఓపికగా చదవండి. ఇంటి మీద పాత సిమెంట్ రేకులు ఉన్నవాళ్లు, సెలవుల్లో కూలికి పోయేవాళ్లు మాత్రం తప్పకుండా చదవండి.

మొన్న వేసవి సెలవుల్లో మా హాస్టల్ పాత వంటశాల పైకప్పు మార్చారు. ఊరికి పోకుండా ఉండిపోయిన మేం నలుగురం కూలికి కుదిరాం. పాత రేకుల్ని సుత్తితో కొట్టి కింద పడేశాం, ముక్కలు భుజాన మోశాం, సాయంత్రం చీపుర్లతో ఊడ్చాం. ముఖానికి తువ్వాలు చుట్టుకున్నాం, అంతే. తర్వాత నర్సింగ్ చదివే మా ఊరి అక్కకి ఈ సంగతి చెబితే, "అవి ఏ కాలం రేకులురా? రాతినార కలిసినవేమో అడిగారా?" అంది. మాకు ఆ మాటే తెలియదు. అప్పట్నుంచి చదివి తెలుసుకున్నది ఇక్కడ రాస్తున్నాం.

రాతినార అంటే ఆస్బెస్టాస్. రాయిలోనే నారలాగా పుట్టే ఖనిజం. నిప్పుకి కాలదు, వేడిని దాటనివ్వదు, నూలులా వడకొచ్చు కూడా. ఆస్బెస్టాస్ అనేది గ్రీకు మాట, ఆరిపోనిది అని అర్థం. ఆవిరి యంత్రాల కాలంలో బాయిలర్లకీ గొట్టాలకీ వేడి బయటికి పోకుండా చుట్టడానికి దీన్ని విపరీతంగా వాడారు. 1901లో ఆస్ట్రియాకి చెందిన లుడ్విగ్ హాట్షెక్ సిమెంటులో ఈ నార కలిపి పల్చటి రేకులు చేసే పద్ధతికి పేటెంట్ తీసుకున్నాడు. మన రేకుల కథ అక్కడ మొదలైంది.

దీనితో ప్రమాదం ఏంటంటే, నార విరిగితే వెంట్రుక కన్నా ఎన్నో రెట్లు సన్నటి పోగులై గాల్లో తేలుతుంది. కంటికి కనపడదు, వాసన ఉండదు. ఊపిరితిత్తుల్లోకి పోయిందంటే అక్కడే ఉండిపోతుంది. జబ్బు బయటపడేది 20, 30, ఒక్కోసారి 40 ఏళ్ల తర్వాత. ఊపిరితిత్తులు గట్టిపడిపోయే ఆస్బెస్టోసిస్, ఊపిరితిత్తుల క్యాన్సర్, మెసోథెలియోమా అనే ఇంకో క్యాన్సర్ దీనివల్ల వస్తాయి.

అప్పట్లో ఎవరికీ తెలియదులే అనుకుంటాం. తెలుసు. 1924లో ఇంగ్లండులోని రోచ్‌డేల్‌లో రాతినార నూలు వడికే నెల్లీ కెర్షా అనే కార్మికురాలు 33 ఏళ్లకే చనిపోయింది. ఆమె ఊపిరితిత్తుల్లో నార ఉందని డాక్టర్ విలియం కుక్ అదే ఏడాది వైద్య పత్రికలో రాశాడు. 1931లో అక్కడి ఫ్యాక్టరీల్లో దుమ్ము తగ్గించాలని నిబంధనలు వచ్చాయి. పూర్తి నిషేధం మాత్రం 1999లో గానీ రాలేదు. మధ్యలో 68 ఏళ్లు పోయాయి.

ఈ నార తవ్విన చోట్లు చూస్తే మనకి ఇంకా బాధేస్తుంది. ఆస్ట్రేలియాలో బంజిమా ఆదివాసుల నేల మీద విట్టెనూమ్ అనే ఊరు కట్టి 1966 వరకు నీలి రాతినార తవ్వారు. 2007లో ఆ ఊరి పేరుకి అధికారిక గుర్తింపు తీసేశారు. గని వ్యర్థం మాత్రం సుమారు 30 లక్షల టన్నులు అక్కడే ఉంది. మన దేశంలో జార్ఖండ్ పశ్చిమ సింగ్‌భూమ్ జిల్లాలో, చైబాసా దగ్గర రోరో కొండలున్నాయి. అక్కడి హో ఆదివాసులు గనిలో కూలి చేశారు. 1983లో గని మూతపడింది, వ్యర్థం కొండవాలు మీదే మిగిలింది. వానొస్తే కిందికి కొట్టుకొచ్చి పొలాల్లో పడుతుంది. నార పట్నాలకి పోయింది, దుమ్ము హో జనానికి మిగిలింది.

గనికి పోనివాళ్లకీ ఈ జబ్బు వస్తుంది. 1960లో దక్షిణాఫ్రికాలో వాగ్నర్ అనే డాక్టర్, ఆయన తోటివాళ్లు 33 మంది మెసోథెలియోమా రోగుల గురించి రాశారు. గనిలో పని చేయకుండా చిన్నప్పుడు గని దగ్గర బతికినవాళ్లు కూడా అందులో ఉన్నారు.

ఇళ్ల సంగతికొస్తే, ఆస్ట్రేలియా రాజధాని కాన్‌బెర్రాలో 1968 నుంచి 1979 వరకు వేడి, చలి ఆగడానికి ఇళ్ల పైకప్పుల కింద రాతినారని దూదిలా వదులుగా నింపారు. తర్వాత ప్రభుత్వం ఖర్చు పెట్టి తీయించింది. అయినా గోడల సందుల్లో మిగిలిందని తేలి, 2014లో వెయ్యికి పైగా ఇళ్లు కొని కూలగొట్టే పథకం పెట్టింది. డబ్బున్న దేశంలోనే అలా అయింది.

మరి మనం ఎలా గుర్తుపట్టాలి? నిజం చెప్పాలంటే, కంటితో చూసి తేల్చలేం, ల్యాబ్‌లోనే తేలుతుంది. కానీ అనుమానించాల్సినవి ఉన్నాయి: పాత అలల సిమెంట్ రేకులు, సిమెంట్ గొట్టాలు, పాత బాయిలర్ల గొట్టాల చుట్టూ తెల్లటి పూతలాంటి కట్టు, పొయ్యి తలుపుల చుట్టూ తాడు. విరిగిన అంచున సన్నటి పోగులు కనిపిస్తే అనుమానం ఇంకా పెరగాలి. మన దేశంలో ఈ రేకులు ఈమధ్య వరకూ తయారవుతూనే ఉన్నాయి, కాబట్టి కొత్తవి కదా అని ధీమా పడొద్దు.

రేకు బాగుంటే కదిలించకండి, రంధ్రాలు వేయకండి, నాచు పోవాలని ఇనుప బ్రష్‌తో గీకకండి. తీయాల్సే వస్తే తెలిసినవాళ్లతో, సరైన మాస్కులతో తీయించమని అడగండి. ముందు నీళ్లు చల్లి బాగా తడపాలి, పగలగొట్టకుండా మొత్తం రేకు దింపాలి, పొడిగా ఊడ్చకూడదు. తువ్వాలు ఈ నారని ఆపదు. ఆ బట్టలతో ఇంట్లోకి పోయి పిల్లల్ని ఎత్తుకోకండి. మేం వీటిలో ఒక్కటీ చేయలేదు. మాలో ఒకడు ఆ ముక్కలు మేకల కొట్టానికని ఇంటికి కూడా తీసుకెళ్లాడు.

1995లో సుప్రీంకోర్టు ఒక తీర్పులో రాతినార కార్మికుల ఆరోగ్య రికార్డుని పనిలో చేరినప్పట్నుంచి కనీసం 40 ఏళ్లు, లేదా పని మానేశాక 15 ఏళ్లు, ఏది ఎక్కువైతే అంతవరకు ఉంచాలని చెప్పింది. జబ్బు ఆలస్యంగా వస్తుంది గనుకే ఆ మాట. మరి రోజు కూలికి పోయే మన నాన్నలకి రికార్డు ఎవరు రాస్తారు? 30 ఏళ్ల తర్వాత ఆయాసం వస్తే "బీడీ వల్ల" అనేస్తారు.

అందుకే మేం ఒక నోటుబుక్కు పెట్టాం. ఏ తేదీన, ఎక్కడ, ఏ కప్పు దింపాం, ఎవరెవరు ఉన్నాం అని రాస్తున్నాం. మొదటి పేజీలో మా నలుగురి పేర్లే ఉన్నాయి. మీ ఊళ్లో కూడా ఒకటి మొదలుపెట్టండి. మన పెద్దల్ని అడిగి పాత పనులు కూడా రాయండి.

జోహార్.